చౌడు నేలలో వరి – సిలికాన్: వేరు దగ్గర తేలవలసిన విషయం

కృష్ణా, గోదావరి డెల్టాల శివారు ఆయకట్టులో సార్వా నాట్లు ఆలస్యమైన సంవత్సరాలలో తరచు ఒకే దృశ్యం కనిపిస్తుంది. కాలువ నీరు చివరి మడి వరకు చేరకముందే నేల పైపొర ఆరిపోతుంది. అడుగున ఉన్న ఉప్పు నీరు కేశనాళికల గుండా పైకి పాకి, గట్ల వెంట తెల్లని పొరగా తేలుతుంది. ఆ మడిలో నాటిన వరి వారం పది రోజులలో ఆకు చివరల నుండి ఎండనారంభిస్తుంది. ముదురాకులు ముందుగా పోతాయి; లేతాకులు కొంతకాలం పచ్చగానే ఉండి, పిలకలు తొడగకుండా నిలిచిపోతాయి. ఇట్టి చేలకు విరుగుడుగా సిలికాన్ ద్రావణాల పిచికారీ గురించిన ప్రచారం కొన్నేళ్ళుగా పెరుగుతున్నది. రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ సీసా కొనమంటారా, వద్దంటారా? దానికి బాధ్యతతో జవాబు చెప్పాలంటే సిలికాన్ మొక్కలో ఎక్కడ పనిచేస్తుందో ముందుగా తెలియాలి. వరి విషయంలో గత నలభై సంవత్సరాల పరిశోధన ఆ ప్రశ్నకు చాలావరకు సమాధానం ఇచ్చింది. ఆ సమాధానం సీసాకు అంత అనుకూలంగా లేదు. అయితే సిలికాన్‌కు మాత్రం అనుకూలంగానే ఉన్నది.

ఉప్పు చేసే రెండు రకాల హాని

చౌడు అనే ఒక్క మాటలో రెండు మూడు వేర్వేరు సమస్యలు ఇమిడి ఉన్నాయి. సంతృప్త మట్టి సారంలో విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసైమన్లకు మించి, ఉదజని సూచిక 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. వాహకత తక్కువగా ఉండి, ఉదజని సూచిక 8.5 దాటి, మట్టి కణాలపై వినిమయ సోడియం 15 శాతానికి మించితే అది కారుచౌడు. రెండు లక్షణాలూ కలిసిన నేలలూ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చౌడు బారిన పడిన విస్తీర్ణాన్ని సుమారు 2.74 లక్షల హెక్టార్లుగా లెక్కించగా, అందులో అధిక భాగం కారుచౌడే. ఈ విభజన ఇక్కడ అప్రస్తుతం కాదు. సిలికాన్‌పై జరిగిన ప్రయోగాలలో ఎక్కువ భాగం సాధారణ ఉప్పుతో, అంటే పాలచౌడు పరిస్థితిని అనుకరిస్తూ చేసినవే. వాటి ఫలితాలను కారుచౌడుకు యథాతథంగా వర్తింపజేయడం తగదు.

పాలచౌడులో మొక్కకు తొలి దెబ్బ నీటి వైపు నుండి వస్తుంది. వేరు చుట్టూ ఉన్న ద్రావణం చిక్కబడినకొద్దీ నీటిని లోపలికి లాగడం కష్టమై, కొత్త ఆకుల ఎదుగుదల గంటల వ్యవధిలోనే మందగిస్తుంది. రెండవ దెబ్బ నెమ్మదిగా పడుతుంది. నీటితో పాటు ఎక్కిన సోడియం ఆకులలో పేరుకొని, పొటాషియం చేయవలసిన పనులకు అడ్డుపడి, ముదురాకులను కాలక్రమంలో చంపుతుంది. వరి ఈ రెండవ దెబ్బకు ప్రత్యేకించి బలహీనమైన పంట. మాస్, హాఫ్‌మన్ 1977లో క్రోడీకరించిన పట్టిక ప్రకారం వరి దిగుబడి 3 డెసిసైమన్ల వరకు తగ్గదు. అక్కడి నుండి ప్రతి ఒక్క డెసిసైమన్ పెరుగుదలకు 12 శాతం చొప్పున పడిపోతుంది. మొలక దశలోను, పిలకలు ముమ్మరంగా వేసే దశలోను వరి కొంత ఓర్చుకుంటుంది. నాటిన తొలి వారాలలోను, చిరుపొట్ట నుండి పూత వరకు ఉన్న కాలంలోను ఓర్వలేదు.

ఇసుక నిండా ఉన్నా అందని మూలకం

భూమి పైపొరలో ఆమ్లజని తరువాత అత్యధికంగా ఉన్న మూలకం సిలికాన్; బరువులో నాలుగవ వంతుకు పైగా అదే. అయినా పోషకాల జాబితాలో దానికి స్థానం దక్కలేదు. 1939లో ఆర్నన్, స్టౌట్ నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం, ఒక మూలకం లేకుండా మొక్క తన జీవిత చక్రాన్ని పూర్తి చేయలేకపోతేనే అది అత్యావశ్యకం. వరి సిలికాన్ లేకుండానూ గింజ కట్టగలదు, నాసిరకంగానైనా. హోగ్లాండ్ పోషక ద్రావణంలో సిలికాన్ లేకపోవడానికి కారణం ఇదే. ఆ ద్రావణంలోనే ప్రపంచమంతటా వేలాది ప్రయోగాలు జరిగాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇమాన్యుయెల్ ఎప్‌స్టీన్ 1994లో ఈ వైపరీత్యాన్ని ఎత్తిచూపారు. నేలలో పెరిగే ఏ మొక్కకూ సిలికాన్ లేని పరిస్థితి ఎదురుకాదు కాబట్టి, సిలికాన్ లేని ద్రావణంలో పెంచిన మొక్కే అసహజమైనదని ఆయన వాదన. ఈ మాటను విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకోవాలి. దీనికి వ్యాసం చివరి భాగంలో మళ్ళీ పని పడుతుంది.

మొక్క తీసుకునేది ఇసుకను కాదు, నీటిలో కరిగిన మోనోసిలిసిక్ ఆమ్లాన్ని. సాధారణ నేలల ఉదజని సూచికల వద్ద ఈ అణువుకు ఏ ఆవేశమూ ఉండదు. నేల ద్రావణంలో దీని గాఢత లీటరుకు 0.1 నుండి 0.6 మిల్లీమోల్ మధ్య ఉంటుంది. సుమారు 2 మిల్లీమోల్ దాటితే అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని మొక్కకు అందని జెల్‌గా మారతాయి. తీరప్రాంతపు ఇసుక నేలలు దాదాపుగా క్వార్ట్జ్ రాశులే అయినా, క్వార్ట్జ్ కరగడం అతి స్వల్పం. అందుచేత సిలికాన్ గుట్ట మీద నిలబడిన పైరుకు సిలికాన్ కొరత రావచ్చు. డెల్టా నల్లమట్టిలో ఖనిజాలు సులువుగా శిథిలమవుతాయి గనుక లభ్యత సాధారణంగా మెరుగ్గా ఉంటుంది.

వరి తన చొప్ప పొడి బరువులో 10 శాతం వరకు సిలికాన్‌ను నింపుకోగలదు. ఇంత మొత్తం కేవలం నీటి వెంట కొట్టుకువచ్చేది కాదు. జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం 2006లో ఎల్‌ఎస్‌ఐ1 అనే జన్యువును, మరుసటి సంవత్సరం ఎల్‌ఎస్‌ఐ2ను గుర్తించడంతో రహస్యం బయటపడింది. వేరులోని ఎక్సోడెర్మిస్, ఎండోడెర్మిస్ కణాలకు వెలుపలి వైపున ఎల్‌ఎస్‌ఐ1 ప్రోటీను సిలిసిక్ ఆమ్లాన్ని లోనికి రానిస్తుంది. అవే కణాల లోపలి వైపున ఎల్‌ఎస్‌ఐ2 దానిని దారువు దిశగా నెడుతుంది. ఒక గదికి వీధి తలుపు, పెరటి తలుపు ఎదురెదురుగా అమర్చినట్లున్న ఈ ఏర్పాటు వల్లనే వరి ఇంత సిలికాన్‌ను పోగు చేయగలుగుతున్నది. టొమాటో వంటి పంటలలో ఇట్టి సమర్థమైన ఏర్పాటు లేదు. వాటి ఆకులలో సిలికాన్ అత్యల్పం. వరి ఫలితాన్ని చూపి టొమాటో రైతుకు సిలికాన్ అమ్మడం శాస్త్రసమ్మతం కాదు. (ఇదే ఎల్‌ఎస్‌ఐ1 ద్వారం గుండా ఆర్సెనైట్ కూడా లోనికి వస్తుంది. నేలలో సిలికాన్ బాగా ఉంటే ఆర్సెనిక్ ప్రవేశం తగ్గడానికి కారణం ఆ పోటీయే. అది వేరే చర్చ.)

సోడియానికి పక్కదారి

సిలికేట్ కలిపితే ఉప్పు ద్రావణంలోని వరి మెరుగ్గా పెరుగుతుందని, చొప్పలో సోడియం తగ్గుతుందని 1986లో జపాన్ శాస్త్రవేత్త మాటో, ఆయన సహచరులు చూపారు. ఆకు ఉపరితలంపై క్యూటికిల్ కింద సిలికా పొర ఏర్పడుతుంది కాబట్టి నీటి ఆవిరి తగ్గి, నీటితో వచ్చే ఉప్పు కూడా తగ్గిందన్నది అప్పటి వివరణ. ఇది చూడడానికి ఒప్పుగానే తోచే వివరణ. పాఠ్యపుస్తకాలలో నేటికీ నిలిచి ఉన్నది.

1999లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన యో, ఫ్లవర్స్ బృందం ఈ వివరణను పరీక్షకు పెట్టింది. ఉప్పులో ఉన్న వరికి సిలికేట్ ఇచ్చినప్పుడు పత్రరంధ్రాల వాహకత తగ్గవలసింది పోయి పెరిగింది. అంటే మొక్క మునుపటికంటె స్వేచ్ఛగా ఊపిరి తీసుకుంటున్నది, అయినా సోడియం తక్కువగా చేరుతున్నది. బాష్పోత్సేకం తగ్గడమే కారణమన్న వాదన అక్కడితో కూలిపోయింది. మరి సోడియాన్ని ఆపినదెవరు? ఆ బృందం కణపొరలను దాటలేని ఒక ప్రతిదీప్తి రంగును వేరు ద్రావణంలో కలిపి, అది ఆకులకు ఎంత చేరిందో కొలిచింది. సిలికేట్ ఇచ్చిన మొక్కలలో సోడియంతో పాటు ఆ రంగు కూడా తగ్గింది.

ఈ ఫలితం అర్థం కావాలంటే వేరు నిర్మాణాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి. నేల ద్రావణం వేరులోకి వచ్చిన తరువాత ఎండోడెర్మిస్ వద్ద కాస్పేరియన్ పట్టీ అనే జలనిరోధక వలయం అడ్డుకుంటుంది. అక్కడ ప్రతి అయాను కణపొర తనిఖీని దాటవలసిందే. అయితే ఈ వలయం అంతటా అతుకులు లేకుండా ఉండదు. వేరు కొసల వద్ద పట్టీ ఇంకా ఏర్పడి ఉండదు. పిల్లవేర్లు చీల్చుకొని వచ్చే చోట్ల తాత్కాలికంగా తెగుతుంది. ఆ సందుల గుండా నేల ద్రావణం ఏ తనిఖీ లేకుండా దారువులోకి పోతుంది. దీనినే పక్కదారి ప్రవాహం అంటారు. వరిలో ఈ దారి ఇతర ధాన్యపు పంటలలో కంటె ఎక్కువగా తెరిచి ఉంటుంది.

పక్కదారిన పోయే నీరు కొద్దిపాటిదే. దాని పర్యవసానం మాత్రం పెద్దది. ఒక ఉదాహరణ లెక్క చూడవచ్చు. నేల ద్రావణంలో లీటరుకు 50 మిల్లీమోల్ సోడియం ఉన్నదని, ఆవిరయ్యే నీటిలో 2 శాతం పక్కదారిన వచ్చిందని అనుకుందాం. దారువులోని ప్రతి లీటరుకూ ఒక మిల్లీమోల్ సోడియం ఈ దారి నుండే చేరినట్లు. ఒక కిలో పొడి పదార్థం తయారు కావడానికి 300 లీటర్ల నీరు ఆవిరైతే 300 మిల్లీమోల్, అంటే సుమారు 7 గ్రాముల సోడియం చొప్పలో నిలుస్తుంది. నూటికి రెండు వంతుల నీరు చేసిన పని ఇది. ఈ రెండును ఒకటి చేయగలిగితే ఆ సోడియం సగానికి తగ్గుతుంది.

సిలికాన్ చేసే పని ఈ సందులను పూడ్చడమే. వేరు కణాల గోడలలో, ముఖ్యంగా ఎండోడెర్మిస్ వద్ద సిలికా నిక్షిప్తమవుతుంది; వరి వేర్లలో సిలికాన్ సమక్షంలో సూబరిన్, లిగ్నిన్ పొరలు త్వరగా, వేరు కొసకు దగ్గరగా ఏర్పడుతున్నట్లు తరువాతి పరిశోధనలు చూపాయి. 2019లో కాస్కన్, ఆయన సహచరులు సిలికాన్‌పై ఉన్న వివాదాలను సమీక్షిస్తూ దీనినే ప్రధాన సూత్రంగా ప్రతిపాదించారు. సిలికాన్ కణం లోపలి జీవక్రియలలో నేరుగా పాల్గొనడం కంటె కణాల వెలుపలి మార్గాలను మూయడం ద్వారా అనేక రకాల ఒత్తిళ్ళ నుండి మొక్కను కాపాడుతుందన్నది వారి అభిప్రాయం. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ వంటి ఎంజైముల చురుకుదనం పెరిగిందని, పొటాషియం–సోడియం నిష్పత్తి మెరుగుపడిందని చెప్పే పత్రాలు కోకొల్లలు. అవి అబద్ధం కావు. కాని సోడియం తక్కువగా చేరిన ఆకులో నష్టం తక్కువగా ఉండడం, దాని లక్షణాలన్నీ మెరుగ్గా కనిపించడం సహజమే కదా. కారణాన్ని, దాని ఫలితాన్ని విడదీయని కొలతలతో పుటలు నింపడం ఈ రంగంలో పరిపాటి అయినది.

ఈ సూత్రం నుండి మూడు విషయాలు తేలుతాయి. పక్కదారి ఎక్కువగా తెరిచి ఉన్న రకంలోనే సిలికాన్ ప్రయోజనం అధికంగా కనిపించాలి. వేరు స్వతహాగా బిగుతుగా ఉన్న రకంలో, లేదా సోడియాన్ని దారువు నుండి వెనక్కు లాగే జన్యువు బలంగా ఉన్న రకంలో అదనపు లాభం తక్కువ. రెండవది, వేరు గోడలలో సిలికా నిక్షిప్తం కావడానికి సమయం పడుతుంది కనుక ఉప్పు దెబ్బ తగలకముందే, అంటే నారుమడిలోనూ దమ్ములోనూ సిలికాన్ అందుబాటులో ఉండాలి. మూడవది అన్నిటికంటె ముఖ్యం: సిలికాన్ ఒకసారి నిక్షిప్తమైన చోటు నుండి కదలదు. ఆకుపై పడినది వేరుకు దిగిరాదు. పిచికారీ ఆకును గట్టిపరచవచ్చు, అగ్గితెగులుపై కొంత మేలు చేయవచ్చు. వేరు వద్ద సోడియం పక్కదారిని మూస్తుందని ఆశించడానికి ఆధారం లేదు.

కుండీ నుండి చేనుకు వచ్చేసరికి

కుండీలలో, పోషక ద్రావణాలలో కనిపించిన మేలు పొలంలో అదే స్థాయిలో కనిపించదు. ఎప్‌స్టీన్ మాట ఇక్కడ మళ్ళీ పనికి వస్తుంది. ప్రయోగశాలలోని పోలిక సిలికాన్ బొత్తిగా లేని మొక్కకు, సిలికాన్ ఉన్న మొక్కకు మధ్య జరుగుతుంది. పొలంలో మాత్రం కొంత సిలికాన్ ఉన్న నేలకు, మరికొంత కలిపిన నేలకు మధ్య పోలిక. డెల్టా నల్లమట్టిలో ఆ తేడా స్వల్పం కావచ్చు. తీరపు తేలిక నేలల్లో, సాలుసరి గడ్డినంతా తరలించే చేలల్లో ఎక్కువ కావచ్చు.

ప్రయోగాల రూపకల్పనలోనూ లొసుగులు ఉన్నాయి. సిలికాన్‌ను పొటాషియం సిలికేట్ రూపంలో ఇచ్చి, పోల్చే మొక్కలకు ఆ మేరకు పొటాషియం ఇవ్వకపోతే, కనిపించిన మేలులో పొటాషియం వాటా ఎంతో చెప్పలేము. ఉప్పు ఒత్తిడిలో ఉన్న మొక్కకు పొటాషియం తానే ఒక మందు. కాల్షియం సిలికేట్‌తోనూ ఇదే చిక్కు: కాల్షియం కూడా సోడియం ప్రవేశాన్ని అరికడుతుంది. ఈ నేలల్లో ప్రయోగం తలపెట్టే విద్యార్థి కాల్షియం సిలికేట్‌కు ఎదురుగా, అంతే కాల్షియం ఇచ్చే జిప్సం మడిని తప్పక పెట్టాలి. ఉప్పును ఒక్కసారిగా 100 మిల్లీమోల్ వరకు, అంటే ఇంచుమించు 10 డెసిసైమన్ల వరకు పెంచడం మరో అలవాటు. పొలంలో ఉప్పు నెమ్మదిగా పెరుగుతుంది, వానకు తగ్గుతుంది. వరి దిగుబడి నిర్ణయమయ్యేది 3 నుండి 7 డెసిసైమన్ల మధ్యనే. ఆ పరిధిలో చేసిన ప్రయోగమే విస్తరణకు పనికి వస్తుంది.

సిలికాన్ శక్తిని దాని హద్దులో చూడడానికి మరో లెక్క చాలు. ఒక డెసిసైమన్ వాహకత గల నీటిలో లీటరుకు దాదాపు 640 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. ఒక హెక్టారుకు ఒక మీటరు లోతు నీరు ఈ నాణ్యతతో పెడితే 6.4 టన్నుల ఉప్పు చేరినట్లు. సిలికాన్ ఇందులో ఒక్క గ్రామును కూడా నేల నుండి తీసివేయదు. ఆ పని మురుగు కాలువలది, మంచి నీటితో కడగడానిది. పక్కన రొయ్యల చెరువు ఉండి, మురుగు పారే దారి మూసుకుపోయిన మడికి సిలికాన్ సిఫారసు చేయడం కారుతున్న కుండకు రంగు వేయడం వంటిది. బాపట్లలోని లవణ జల పరిశోధన కేంద్రం మెరుగుపరచిన దొరువుల పద్ధతి ఉప్పు నీటిపై తేలే పలుచని మంచి నీటి పొరను మాత్రమే తోడుకునేది. తట్టుకునే రకాలు, దొరువులు, జిప్సం, జీలుగ – ఇవి మొదటి వరుస. సిలికాన్ వాటి వెనుక నిలబడవలసిన సహాయం.

ఏ రూపంలో, ఎక్కడి నుండి

హెక్టారుకు 5 టన్నుల ధాన్యం పండించే వరి పైరు నేల నుండి 230 నుండి 470 కిలోల సిలికాన్‌ను తీసుకుంటుందని అంచనా. నత్రజని కంటె ఇది ఎక్కువ. ఇందులో అధిక భాగం గడ్డిలో ఉంటుంది. 5 శాతం సిలికాన్ ఉన్న 5 టన్నుల గడ్డి పొలంలో మిగిలితే 250 కిలోల సిలికాన్ తిరిగి నేలకు చేరుతుంది. గడ్డిలోని సిలికా రేణువులు నేల ఖనిజాలకంటె త్వరగా కరుగుతాయి. ఊక బూడిదతో పోల్చితే తేడా తెలుస్తుంది. ఒక టన్ను ధాన్యం నుండి 200 కిలోల ఊక, దాని నుండి సుమారు 40 కిలోల బూడిద, అందులో సుమారు 16 కిలోల సిలికాన్ వస్తాయి. పైగా మిల్లు బాయిలర్లలో అధిక ఉష్ణోగ్రతకు కాలిన తెల్లని బూడిదలో సిలికా స్ఫటికరూపం దాల్చి సరిగా కరగదు. తక్కువ వేడిలో కాలిన నల్లని బూడిద మేలు. నారుమడి విస్తీర్ణం చిన్నది కనుక ఊక బూడిదను అక్కడ వాడడం ఖర్చుకు తగినది, పైన చెప్పిన వేరు సూత్రానికీ అనుగుణమైనది.

జపాన్ 1955 నుండి ఉక్కు పరిశ్రమల చిట్టెం నుండి వచ్చే సిలికేట్‌ను ఎరువుగా గుర్తించి వరికి వాడుతున్నది. ఇక్కడ చిట్టెం వాడదలిస్తే భార లోహాల పరీక్ష తప్పనిసరి. అది క్షారగుణం గల పదార్థమని కూడా మరువరాదు: ఆమ్ల నేలకు మేలు చేసేది ఉదజని సూచిక 9 ఉన్న కారుచౌడులో హాని చేయవచ్చు. అక్కడ ముందు జిప్సం, తరువాతే ఏదైనా. ప్రయోగశాలలో చవకగా దొరికే సోడియం సిలికేట్‌ను చౌడు పొలంలో వాడడం శత్రువును విందుకు పిలవడమే.

పరీక్షలు లేకుండా సిఫారసు చేయవలసిన అవసరం లేదు. ఉదజని సూచిక 4 వద్ద సోడియం అసిటేట్‌తో తీసిన మట్టి సారంలో కిలోకు 40 మిల్లీగ్రాముల కంటె తక్కువ సిలికాన్ ఉన్నా, కోత సమయపు గడ్డిలో 5 శాతం కంటె తక్కువ ఉన్నా ఆ చేనులో స్పందన ఆశించవచ్చు. అయితే ఈ సారణి సున్నపు నేలల్లోను, గత పంటకు సిలికేట్ వేసిన నేలల్లోను ఉన్నదానికంటె ఎక్కువ చూపే అవకాశం ఉంది కాబట్టి, అట్టి చోట గడ్డి విశ్లేషణనే నమ్మడం మంచిది. వాహకత కొలిచే మట్టిని మే నెలలో ఒకసారి, నాట్లు వేసిన రెండు వారాలకు మరొకసారి, చిరుపొట్ట దశలో మూడవసారి అదే మడి నుండి తీయాలి. ఆ మూడు అంకెలలో నాట్ల నాటిది 3 లోపు ఉంటే రైతు ఖర్చు పెట్టవలసింది సిలికాన్ మీద కాదు.